ఫుల్ ఆప్షన్ రెక్సిన్

కుండ కొనేటప్పుడు వేలి కణుపుతో ఓసారి తట్టి చూస్తాం. చీర కొనేటప్పుడు కొంగు రెండు వేళ్ల మధ్య నలిపి చూస్తాం. కువైట్‌లో షోరూముకి వెళ్లి వేల దీనార్లు పోసి బండి కొనేవాడు చేసేది కూడా దాదాపు ఇదే. బానెట్ ఎత్తి చూసేవాళ్లు తక్కువ. ఎత్తినా కనపడేది నల్లటి ప్లాస్టిక్ మూత. అందుకని డోరు తీసి కూర్చుంటాడు, డ్యాష్‌బోర్డు మీద బొటనవేలు పెట్టి నొక్కుతాడు. వేలు కాస్త దిగితే మొహం విప్పారుతుంది, టక్కుమంటే ముడుచుకుంటుంది. పాత మోడల్లో మెత్తగా ఉన్న చోట కొత్త మోడల్లో గట్టి ప్లాస్టిక్ వచ్చింది. దాని మీద దారంతో కుట్టినట్టు ఒక వరస ఉంటుంది. గోరుతో గీరితే తెలుస్తుంది, అది దారం కాదు, అచ్చులోనే పోసిన గీత. సీటు తోలు కాదు. పైకప్పు గుడ్డ పలచబడింది. ధర మాత్రం పలచబడలేదు. ఇలా సణిగేవాణ్ణి చూసి కార్ల కంపెనీలవాళ్లూ, కొందరు కార్ల విలేఖరులూ నవ్వుకుంటారు, బండిని లాగేది ఇంజనా డ్యాష్‌బోర్డా అని. ఆ నవ్వు తొందరపాటని నా అభిప్రాయం. సణుగుడులో న్యాయం ఉంది. కాకపోతే సణిగేవాడు కూడా తన కోపాన్ని తప్పుచోట పెడుతున్నాడు. అది ప్లాస్టిక్ మీద కోపం అనుకుంటున్నాడు.

తోలులా కనపడుతూ తోలు కానిదానికి తెలుగువాళ్లకు ఏనాటి నుంచో ఒక పేరుంది: రెక్సిన్. ఇంగ్లండులో గుడ్డ మీద పూత పూసి, పైన తోలు ముద్ర కొట్టి అమ్మిన ఒక సరుకు పేరది. మన దగ్గరికి వచ్చేసరికి ఇంటి మాటైపోయింది. రెక్సిన్ సోఫా, రెక్సిన్ సంచి, స్కూటరు మీద రెక్సిన్ సీటు. ఆ మాటలో గొప్పా లేదు, మోసమూ లేదు. చిరిగితే రోడ్డు పక్కన కూర్చున్నవాడు అతుకు వేసి ఇస్తాడు. అదే జాతి సరుకు కార్లలోకి ఎక్కాక పేర్లు పుట్టుకొచ్చాయి. టయోటావాళ్లు సాఫ్టెక్స్ అన్నారు, లెక్సస్‌లో నూలక్స్, మెర్సిడెస్‌లో ఆర్టికో, బీఎండబ్ల్యూలో సెన్సాటెక్. ఇవేవీ చాలవన్నట్టు ఈ మధ్య వీగన్ లెదర్ వచ్చింది. శాకాహార తోలు అన్నమాట. రసాయనికంగా ఇవి చాలావరకు పీవీసీ, లేదంటే పాలీయురేథేన్ పూసిన గుడ్డలు. అసలు తోలుకీ పేర్ల పిచ్చి తప్పలేదు. 1970ల మధ్యలో క్రైస్లర్ కార్డోబా కారు ప్రకటనలో నటుడు రికార్డో మాంటల్‌బాన్ కొరింథియన్ లెదర్ అని సొగసుగా పలికేవాడు. గ్రీసులోని కొరింథ్‌కీ దానికీ చుట్టరికం ఏమీ లేదు, ప్రకటనల ఏజెన్సీ అల్లిన మాట. ఇప్పటి బ్రోషర్లలో మరో తెలివి కనపడుతుంది. 'లెదర్ ట్రిమ్' అని రాస్తే ఒంటికి తగిలే భాగం మాత్రమే తోలు కావచ్చు. పక్కలూ వెనకా రెక్సినే. ఇటలీవాళ్లు ఈ తంతుకు విసిగి 2020లో చట్టమే చేశారు, జంతువు చర్మం కానిదాన్ని ఏ విశేషణం తగిలించి కూడా తోలు అనకూడదని.

పేరు గురించి ఇంత రాద్ధాంతమెందుకంటే, నా లెక్కలో అసలు గొడవంతా అక్కడే ఉంది. పట్టుచీరల వ్యాపారం చూడండి. వెండి జరీ ఉంటుంది, చవకరకం టెస్టెడ్ జరీ ఉంటుంది. రెండూ ఒకే దుకాణంలో పక్కపక్క అరల్లో ఉంటాయి. టెస్టెడ్ జరీ చీర కొన్నావిడ నన్ను మోసం చేశారని ఏడవదు. పెళ్లికి ఒకటి, పేరంటానికి ఒకటి అని ఆవిడకు తెలుసు, ధరలో తేడా కూడా తెలుసు. గొడవయ్యేది టెస్టెడ్ జరీని వెండి జరీ ధరకి, వెండి జరీ పేరుతో అమ్మిన రోజునే. సెంట్రల్ సిల్క్ బోర్డు పెట్టిన సిల్క్ మార్కు కూడా ఇది గొప్ప చీర అని చెప్పదు, ఇది పట్టు అని మాత్రమే చెబుతుంది. అంతకంటే ఎవరూ అడగలేదు కూడా. కార్ల విషయంలోనూ ఇదే కొలత పెట్టి చూస్తే కొనుగోలుదారుల ప్రవర్తన అంత తిక్కగా కనపడదు.

అమెరికాలో ఒకే ఏడాది అటూ ఇటూగా జరిగిన రెండు సంగతులు దీనికి సాక్ష్యం. ఫోక్స్‌వాగన్ 2011 మోడల్ జెట్టాలో ఖర్చు బాగా కోసేసింది. లోపల గట్టి ప్లాస్టిక్, మూల మోడల్‌లో వెనక చక్రాలకు డిస్కుల బదులు డ్రమ్ము బ్రేకులు. విలేఖరులు ఉతికి ఆరేశారు. కానీ కంపెనీ ప్రారంభ ధరను 16,000 డాలర్ల లోపుకి దించి, ఆ సంగతే చాటింపు వేసుకుంది. అమ్మకాలు బాగా పెరిగాయి. హోండా 2012 మోడల్ సివిక్ కథ వేరు. లోపలి సరుకు చవకబడింది, ధర ఆ మేరకు దిగలేదు, పేరు మాత్రం అదే నమ్మకమైన సివిక్. ఏళ్ల తరబడి ఆ కారును మెచ్చుకున్న కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక 2011లో దాన్ని తన సిఫారసుల జాబితా నుంచి తీసేసింది. అయినా 2012లో అమెరికాలో 3 లక్షలకు పైగా సివిక్‌లు అమ్ముడుపోయాయి. ఇక్కడే ఎదుటివాళ్లు పట్టుకుంటారు: చూశారా, నోటితో సణుగుతారు, చేత్తో కొంటారు, కాబట్టి ఆ సణుగుడుకు విలువ లేదు. నేను దీన్ని మరోలా చదువుతాను. పాతికేళ్లుగా ఒక కొట్లో బియ్యం కొనేవాడు ఒక బస్తా నాసిరకం వస్తే మర్నాడే కొట్టు మార్చడు, కొట్టువాడితో పోట్లాడతాడు. అమ్మకాలు పాత పరపతి మీద సాగుతాయి, ఆ పరపతి కరుగుతున్న సంగతి లెక్కల్లోకి ఆలస్యంగా వస్తుంది. అది హోండావాళ్లకే బాగా తెలిసినట్టుంది. మామూలుగా మూడేళ్లకు చేసే మార్పుచేర్పులను దాదాపు ఏడాదిన్నరకే చేసి, 2013 మోడల్లో మెత్తటి డ్యాష్‌బోర్డు తిరిగి పెట్టారు. సణుగుడుకి విలువ లేకపోతే అంత డబ్బు ఎందుకు పోస్తారు?

వేలితో నొక్కి బండి నాణ్యత తేల్చడం అజ్ఞానమే అనేవాళ్లకూ జవాబు చెప్పాలి. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక మెతుకు చాలు అంటాం. బేరింగు, వెల్డింగు, గేర్‌బాక్సు చూసే విద్య కొనేవాడికి లేదు. తన చేతికి అందే మెతుకు డ్యాష్‌బోర్డు. నేను చూసే చోటే ఇంత కోశారంటే చూడని చోట ఎంత కోసుంటారో అనే అనుమానం వ్యాపారం ఎరిగిన ఎవరికైనా వచ్చేదే. ఈ కొలత అన్నిసార్లూ నిలవదు, ఒప్పుకుంటాను. సివిక్ ఇంజనుకి పేరు పోలేదు. మెత్తటి డ్యాష్‌బోర్డు ఉన్న డొక్కు బళ్లూ లోకంలో కొల్లలు. కానీ కంపెనీ తనంతట తాను ఏమీ చెప్పనప్పుడు కొనేవాడి చేతిలో మిగిలే ఆధారం ఆ ఒక్క మెతుకే.

కువైట్ పేరు ఊరికే ఎత్తలేదు. 2016 జూలై 21న ఇక్కడి మిత్రిబాహ్‌లో 53.9 డిగ్రీలు నమోదయ్యాయి. ఆసియా మొత్తానికి ప్రపంచ వాతావరణ సంస్థ ఆమోదించిన గరిష్ఠం అది. నీడలో కొలిచిన గాలి వేడి అది, ఎండలో నిలబెట్టిన బండిలోది కాదు. అమెరికాలో అరిజోనా ఎడారి ఎండల్లో పరిశోధకులు కొలిచి 2018లో ప్రచురించిన లెక్కల ప్రకారం గంటసేపు ఎండలో ఉన్న కారులో డ్యాష్‌బోర్డు సగటున 69 డిగ్రీలకు, స్టీరింగు 53కి, సీటు 51కి చేరాయి. ఈ వేడికి చౌక పీవీసీలో మెత్తదనం కోసం కలిపిన నూనెలాంటి పదార్థం ఆవిరై పోయి అద్దం లోపలివైపు మబ్బులా అంటుకుంటుంది. రాత్రి ఎదుటి బండి లైటు పడగానే ముందు అద్దం మీద కనిపించే జిడ్డు పొర దుమ్ము ఒక్కటే కాదు, కొంత డ్యాష్‌బోర్డు కూడా. ఆ నూనె పోయేకొద్దీ సీటు గట్టిపడి పగులుతుంది. పైకప్పు గుడ్డ వెనకున్న నురగ పొడిపొడిగా రాలి, గుడ్డ పందిరిలా కిందికి వేలాడుతుంది. టయోటాలాంటి కంపెనీ కూడా అమెరికాలో వేడికీ ఉక్కకీ డ్యాష్‌బోర్డులు జిగటగా కరిగిన కొన్ని మోడళ్లకు, 2007-2011 కామ్రీతో సహా, వారంటీ పొడిగించి మార్చి ఇవ్వాల్సివచ్చింది. జర్మనీ చలిలో ఒక వస్తువు నాసిరకమని తేలడానికి పదేళ్లు పడితే, కువైట్ ఆగస్టుల ముందు అంతకాలం దాగదు.

అయితే ఈ వేడే నా వాదానికి అడ్డం తిరగొచ్చు. అసలు తోలు మాత్రం ఎండకి నిలుస్తుందా? సంరక్షణ లేకపోతే అదీ ఎండి బీటలు వారుతుంది. మంచిరకం రెక్సిన్ మీద మరక తడిగుడ్డతో తుడిస్తే పోతుంది, పిల్లలు పాలు ఒలకబోసినా అది చెక్కుచెదరదు. మెర్సిడెస్ పాత టాక్సీల ఎంబీటెక్స్ రెక్సిన్ సీట్లు దశాబ్దాలు నిలిచాయని పేరు. ఎండలో ఒంటికి అన్నిటికంటే సుఖమైనది తోలూ కాదు, రెక్సినూ కాదు, మామూలు గుడ్డ సీటు, అంటే 'స్టాండర్డ్' మోడల్‌లో వచ్చేది. ఎడారివాళ్లకు ఈ సంగతి ముందే తెలుసు. కువైట్ బెదూయిన్ల సదూ నేత అంతా ఉన్ని, దారం. ఇప్పటికీ గల్ఫ్‌లో ఎన్నో జీపుల్లో కంపెనీ ఇచ్చిన ఖరీదైన డ్యాష్‌బోర్డు మీద బొచ్చు తివాచీయో సదూ డిజైను గుడ్డో పరిచి ఉంటుంది. జంతువుని చంపని వస్తువు కావాలనడం కూడా గౌరవించాల్సిన కోరికే. ఇవన్నీ నిజాలే, నేను వీటిలో దేన్నీ కాదనను. కానీ ఇవన్నీ రెక్సిన్‌ని రెక్సిన్ అని చెప్పి అమ్మడానికి కారణాలు. అంత మంచి వస్తువైతే పేరు దాచడం దేనికి?

ఇంకో సంగతి ఉంది. కువైట్‌లో బండి కొనేవాడు వేరు, అందులో బతికేవాడు వేరు. విదేశీయుడికి సొంత లైసెన్సు కావాలంటే 600 దీనార్ల జీతం, డిగ్రీ, రెండేళ్ల నివాసం ఉండాలన్న నిబంధన ఏళ్ల తరబడి నడిచింది; ఇళ్లలో డ్రైవర్లుగా వచ్చినవాళ్లకు ఆ ఉద్యోగమే అర్హత. రాజంపేట, రాయచోటి వైపు నుంచీ, కోనసీమ నుంచీ వచ్చిన మనవాళ్లు ఎందరో ఈ హౌస్ డ్రైవర్లు. ఇంటిపనివాళ్ల కోసం చేసిన 2015 నాటి 68వ చట్టం రోజుకు 12 గంటలకు మించి పని ఉండకూడదంటుంది. ఆ గంటల్లో చాలా భాగం బడి ముందో ఆసుపత్రి ముందో సీట్లోనే గడుస్తుంది. కొనేటప్పుడు డ్యాష్‌బోర్డు నొక్కింది బాబా, అంటే ఇంటి యజమాని. ఏ మూల ప్లాస్టిక్ కిర్రుమంటుందో, నడుం దగ్గర చెమటకి ఏ కుట్టు ఊడుతుందో ఎరిగింది డ్రైవరు. షోరూములో ఫుల్ ఆప్షన్, అంటే అన్ని హంగులూ ఉన్న బండి, అనే మాట విని మురిసేది ఒకరు, ఆ ఆప్షన్ మీద పన్నెండు గంటలు కూర్చునేది ఇంకొకరు. అతన్ని అడిగితే రెక్సినే మేలనొచ్చు, తుడవడం తేలిక. కానీ ఆ మాట ఎవరి లెక్కలోకీ రాదు.

కొనేవాడే చూసుకోవాలి, షోరూములో కళ్లు మూసుకోమని ఎవరన్నారు అనేది చివరి అభ్యంతరం. పూత పూసిన అసలు తోలునీ, మంచి రెక్సిన్‌నీ పక్కపక్కన పెడితే కుట్టుపనివాడు కూడా వెనక తిప్పి చూడందే తేల్చలేకపోవచ్చు. కువైట్‌లో 2014లో వచ్చిన 39వ నంబరు వినియోగదారుల రక్షణ చట్టం సరుకు గురించి సరైన సమాచారం పొందడం కొనేవాడి హక్కు అంటుంది. చూసుకునే భారమంతా అతని మీదే వేస్తే ఆ హక్కుకి అర్థం లేదు. చెప్పడం పెద్ద కష్టమూ కాదు. చిప్‌ల కొరత రోజుల్లో, 2021లో, బీఎండబ్ల్యూ కొన్ని కార్లలో టచ్‌స్క్రీన్ తీసేసి, అమెరికాలో ఆ సంగతి చెప్పి, 500 డాలర్లు తగ్గించింది. చెప్పాక ఒప్పుకున్నవాడు కొన్నాడు, ఒప్పుకోనివాడు ఆగాడు.

చెప్పకపోతే 'లెదర్' అన్న మాట బండితో పాటు చేతులు మారుతుంది. నాలుగైదేళ్లకు బండి సెకండ్ హ్యాండు బేరానికి వస్తుంది. అమ్మేవాడు ఏజెన్సీ బండి, ఫుల్ ఆప్షన్, లెదర్ అంటాడు. అబద్ధమాడాలని కాదు, కొన్న రోజు తనకు చెప్పిన మాటే చెబుతున్నాడు. కొనేవాడు డోరు తీసి, డ్రైవరు ఎక్కీ దిగీ అరిగిన అంచు దగ్గర వంగుతాడు. పైపొర చిట్లి రెండు వేళ్ల మేర లేచి ఉంటుంది. దాని కింద, సన్నగా, అడ్డం పొడవు నేసిన తెల్లటి గుడ్డ.