కొత్త సైకిలూ, పావు చుట్టు వైద్యమూ

ముచ్చటపడి రోడ్ బైక్ కొని మూడు వారాలైందో లేదో, వెనక గేర్లు టకటకమంటూ మొరాయించడం మొదలెట్టాయి. మీట నొక్కితే చైను పెద్ద పళ్ళచక్రం ఎక్కనంటుంది. నానక్‌రామ్‌గూడ సోలార్ ట్రాక్ మీద పక్కనుంచి వెళ్ళేవాళ్ళంతా నాకేసి చూడ్డమే! షాపులో అడిగితే "వదిలేసి వెళ్ళండి సార్, వారం పడుతుంది" అన్నారు. వారమా! ప్రొడక్షన్ బగ్గుకి నాకెవరూ అంత టైమివ్వరు.

నిజానికి సైకిలు చెడిపోలేదు. కొత్తలో కేబుల్ తొడుగు చివర్లు సర్దుకుని, కేబుల్ కాస్త వదులవుతుందంతే. నా ఎనిమిది గేర్ల కేసెట్‌లో చక్రానికీ చక్రానికీ మధ్య దూరం 4.8 మిల్లీమీటర్లే మరి, కొంచెం తేడా వచ్చినా గోలే.

వెనక డిరైల్యూర్‌లోకి కేబుల్ దూరే చోట వేళ్ళతో తిరిగే చిన్న మర ఉంటుంది. చైను పెద్ద చక్రం ఎక్కకపోతే, వెనకనుంచి చూస్తూ దాన్ని ఎడమవైపుకి పావు చుట్టు తిప్పాలి. పెడల్ తిప్పి గేరు మార్చి చూడాలి. చాలకపోతే మళ్ళీ పావు. ఒక్కో లైనూ మార్చి రన్ చేసుకున్నట్టే. చిన్న చక్రం మీదకి దిగనంటే అటు తిప్పింది ఇటు. హెచ్, ఎల్ అని రాసుండే స్క్రూల జోలికి మాత్రం ఊరికే పోకండి. అవి చైనుకి సరిహద్దులు. ఎల్ వదులైతే చైను వెళ్ళి చక్రం చువ్వల్లో పడుతుంది. సైకిలు కుడివైపుకి పడి హ్యాంగర్ వంగితే ఈ వైద్యం పనిచెయ్యదు, అప్పుడిక షాపే గతి.

నాకు మూడు పావులకే కుదిరింది. చేతి గ్రీజు వదలడానికే ఎక్కువసేపు పట్టింది.