గంట కొట్టిన తరువాత

బడి అన్న తరువాత ఒక గంటా, ఒక టైంటేబిలూ, ఒక హాజరు పట్టీ ఉంటాయి. ఈ మూడూ ఉండి కూడా, గంట కొట్టాక ఏ గదిలోకి పోవాలో పంతులుకే తెలియని బడి ఉంటుందంటే ఎవరు నమ్ముతారు? నేను దక్షిణ కొరియాలో అలాటి బడిలో ఒక ఏడాది ఇంగ్లీషు చెప్పాను.

వాటిని హాగ్వన్‌లంటారు. మన ట్యుటోరియల్ కాలేజీలకు దగ్గర చుట్టాలు. మామూలు బడి విడిచిపెట్టగానే పిల్లలు పసుపుపచ్చ వానులెక్కి లెక్కలకో, పియానోకో, ఇంగ్లీషుకో బయలుదేరుతారు. 1980లో సైనిక ప్రభుత్వం ప్రైవేటు చదువులను నిషేధించింది. అది క్రమంగా సడలుతూ వచ్చి, చివరకు 2000లో రాజ్యాంగ న్యాయస్థానం చెల్లదని కొట్టివేసింది. సియోల్‌లో రాత్రి పది దాటాక పాఠం చెప్పరాదన్న కట్టడి మాత్రం ఉంది. ఇంత పరుగూ ఏటా నవంబరులో వచ్చే సునుంగ్ అనే ప్రవేశ పరీక్ష కోసమే. అందులో ఇంగ్లీషు విని జవాబులు రాసేవేళ దేశంలో విమానాలు ఎగరవు, దిగవు. ఇంగ్లీషు కోసం ఆకాశాన్నే నోరు మూయించే దేశంలో, ఇంగ్లీషు పంతులుకి రేపటి పాఠమేదో చెప్పే నాథుడు లేడు!

ఆ ఉద్యోగానికి కావలసిన ఈ-2 వీసా చాలావరకు ఇంగ్లీషు మాట్లాడే ఏడు దేశాల పౌరులకే ఇస్తారు. అమెరికా పాస్‌పోర్టు ఉండబట్టి, తెలుగువాణ్ణయినా నాకు దొరికింది. అయితే ఆ వీసా యజమానికి ముడిపడి ఉంటుంది. విసుగెత్తితే చొక్కా దులుపుకొని పక్క వీధికి పోయే వీలు లేదు.

సోమవారం ఒక పుస్తకం చేతికిచ్చేవారు. బుధవారానికి అది మారేది. "ఇంకో పది నిమిషాల్లో తల్లులు వచ్చి మీ పాఠం చూస్తారు" అని గుమ్మంలోంచి కబురు. ఎందుకని అడిగేలోగా "పల్లీ, పల్లీ!" ఇవి మనం వేయించుకు తినే పల్లీలు కావు, త్వరగా, త్వరగా అని అర్థం. పైగా అక్కడ 'నున్‌చీ' అనే గుణం ఒకటుంది. ఎదుటివాడు నోరు విప్పకముందే వాలకం చూసి గ్రహించడమన్నమాట. అందరూ గ్రహించేశారు గనుక నాకూ తెలిసే ఉంటుందని ఎవరికివారే అనుకునేవారు.

మొదట్లో అది నిర్లక్ష్యమనిపించేది. ఒక రాత్రి పిల్లలంతా వెళ్ళిపోయాక యజమానురాలు ఒక్కతే కాఫీ కప్పులు కడుగుతూ కనిపించింది. ఫోను మోగింది. తడి చేత్తోనే తీసి, ఎవరో తల్లికి తల వంచి వంచి సమాధానం చెప్పింది. అదే మేడలో పై అంతస్తులో మరో హాగ్వన్ ఉంది. ఒక తల్లి అలిగితే ఒక జీతం మెట్లెక్కి పైకి పోతుంది. ఆమెకే తెలియని రేపటిని నాకెలా చెప్పగలదు?

ఆనాటినుంచి ఆమెను మార్చాలనే ఆశ మానుకుని, నా సంచీ మార్చుకున్నాను. అందులో పుస్తకంతో పనిలేని పాఠం ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉండేది: బొమ్మల కాగితాలు, రెండు పాచికలు, పది ప్రశ్నలు. చెప్పిన ప్రతి మాటనూ తేదీ వేసి నోటుబుక్కులో రాసి, "ఇదేనా మీరన్నది?" అని చూపేవాణ్ణి. 'ఎందుకు' అని అడిగితే మొహం ముడుచుకునేవారు. 'ఎప్పటినుంచి' అని అడిగితే జవాబు వచ్చేది. జీతాలు వసూలుచేసే గుమాస్తా అమ్మాయికి ఎవరు చేరారో, ఎవరు మానారో నాకంటే ముందు తెలిసేది. ఆమెకంటే ముందు వాను డ్రైవరుకు తెలిసేది.

ఈ గందరగోళంలో నేను పడ్డ తిప్పలు పెద్దవేమీ కావు. ఎనిమిదేళ్ళ కుర్రవాడొకడుండేవాడు. పక్కింటి పిల్ల పై తరగతిలో ఉందని వాణ్ణీ నెల మధ్యలో అక్కడికి ఎక్కించారు. రెండు నెలల్లో మూడు తరగతులు, మూడు పుస్తకాలు. గలగలలాడే పిల్లవాడు నోరు విప్పడం మానేశాడు. పేరు పిలిస్తే పెన్సిలు చెక్కుకునేవాడు.

నోటుబుక్కు పట్టుకుని యజమానురాలి గదికి వెళ్ళాను. ఫిర్యాదు చెయ్యలేదు. మూడు తేదీలూ వరసగా చూపి, "ఈ ఒక్క పుస్తకం పూర్తిచెయ్యనివ్వండి" అన్నాను. ఆమె చాలాసేపు ఆ తేదీలవంక చూసింది. "నెలాఖరు దాకా. తల్లితో నేను మాట్లాడతాను" అంది. ఆ మాట అనడం ఆమెకు ఎంత బరువో, ఆ ఫోను సంగతి ఎరిగిన నాకు తెలుసు.

నెలాఖరున వాడు చివరి పేజీ తెచ్చి, "టీచర్, ఫినిష్!" అన్నాడు. అట్టమీద తన పేరు రెండుసార్లు రాసుకున్నాడు.

మర్నాటినుంచి తరగతి మొత్తానికీ పుస్తకం మారింది. ఆ సంగతి నాకు ఆఫీసులో ఎవరూ చెప్పలేదు. కొత్త పుస్తకాల కట్ట దింపుతూ వాను డ్రైవరు సైగ చేశాడు.