కుర్చీ ఇచ్చారు, కూలి ఎవరిస్తారు?

సూరత్ శివార్లలో, తాపీ తీరాన, ముంబయి-అహ్మదాబాద్ జాతీయ రహదారిపై ఉన్న తాలూకా కేంద్రం కామ్‌రేజ్. దేశంలోని ఇతర ప్రభుత్వ పాఠశాలల మాదిరే ఇక్కడి బడుల నిర్వహణలోనూ తల్లిదండ్రులదే పైచేయి కావాలన్నది చట్టం. విద్యాహక్కు చట్టం-2009, 21వ సెక్షన్ ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు, సంరక్షకులే. మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు. బడి పనితీరును పర్యవేక్షించడం, అభివృద్ధి ప్రణాళిక రూపొందించడం, నిధుల వినియోగాన్ని పరిశీలించడం వారి విధులు. ఇది జీతం లేని బాధ్యత.

దీపావళి దాటాక ఈ ప్రాంతపు చెరకు తోటలకు డాంగ్స్ నుంచి, మహారాష్ట్రలోని ఖాందేశ్ నుంచి ఆదివాసీ కుటుంబాలు కోతకు వస్తాయి. పిల్లలూ వెంటే. సొంతూళ్లో సభ్యురాలైన తల్లి నెలల తరబడి సమావేశానికి అందదు. వచ్చిన చోట బిడ్డ పేరు హాజరుపట్టీలో లేకుంటే ఆమెకు కమిటీలో చోటే లేదు. సూరత్ మరమగ్గాల మీద పన్నెండు గంటల షిఫ్టు, మీటరు లెక్కన కూలి. సమావేశానికి వెళ్తే ఆ పూట కూలి పోయినట్టే.

తెలుగువారికి ఇది కొత్త కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1998లోనే పాఠశాల విద్యలో ప్రజా భాగస్వామ్యానికి చట్టం చేసింది. ప్రభుత్వాలతో పాటు కమిటీల పేర్లూ మారాయి. 2024లో తెలంగాణలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. పాలమూరు వలస మాత్రం పేరు మార్చుకోలేదు.

పేదలకు అధికారమిచ్చి, దాన్ని వాడుకునే తీరిక ఇవ్వకపోతే, అది తిరిగి ప్రధానోపాధ్యాయుడి బల్ల మీదికే చేరుతుంది. మిగిలేది వేలిముద్ర. సమావేశం కూలీల వీలును బట్టి జరగాలి, కోల్పోయిన పూటకు భత్యం దక్కాలి. స్వచ్ఛంద సేవ అన్న గౌరవప్రదమైన మాట ఆకలిగొన్నవారికి శిక్ష కారాదు.