తేటనీళ్ల మీద మోజు

పెరట్లో చేపల కుంట కట్టుకున్నవాళ్లలో చాలామంది నీళ్లు తేటగా ఉంటే చేపలు క్షేమంగా ఉన్నట్టేననుకుంటారు. కాస్త నాచు పట్టగానే కుంటంతా తోడేసి, గోడలు బ్రష్షుతో రుద్ది, కొళాయి నీళ్లు నింపేస్తారు. పెరటి కుంటకు ఇంతకంటే చేటు లేదని నా అభిప్రాయం. చేప మొప్పల గుండా అమ్మోనియా వదులుతుంది; తినకుండా మిగిలిన మేత కుళ్లినా అదే పుడుతుంది. దాన్ని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గానూ, ఆ నైట్రైట్‌ను మరో రకం నైట్రేట్‌గానూ మారుస్తాయి. మొదటి రెండూ చేపకు విషాలు. మూడోది మొక్కకు ఎరువు. ఈ పని చేసే బ్యాక్టీరియా ఎక్కువగా ఉండేది మనం అసహ్యించుకునే ఆ జిగురుపొరలోనే. గోడలకూ, గులకరాళ్లకూ, ఫిల్టరు స్పాంజికీ అంటుకుని ఉంటుంది. కొత్త కుంటలో అది కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. దాన్ని ఒక్కపూటలో గోకేసి, పైగా క్లోరిన్ నీళ్లు పోస్తే, నీళ్లు అద్దంలా మెరుస్తుండగానే చేపలు చచ్చిపోతాయి.

అలాగని పచ్చగా చిక్కబడ్డ నీళ్లను వదిలేయమంటారా అని అడగవచ్చు. వదిలేయకూడదు. నీటి నాచు పగలు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి తనే పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఇముడుతుంది, 30 డిగ్రీలకు అది ఏడున్నరకు పడిపోతుంది. మన ఎండాకాలంలో ఆ కాస్త తేడాయే ప్రాణాంతకం. భీమవరం, కైకలూరు వైపు రైతులు చెరువు గట్టుకు వేకువనే వెళ్లేదీ, మబ్బు పట్టిన రోజు మేత తగ్గించేదీ ఇందుకే. అయితే పచ్చదనానికి మూలం అతి మేత, అతి ఎండ. మూలం వదిలి నీళ్లు మార్చినంత మాత్రాన నాచు ఆగదు. ఐదు నిమిషాల్లో తినేసేంత మేతే వేయాలి. కలువ ఆకులతో సగం నీడ కల్పించాలి.

నాచుంటే దోమలొస్తాయన్న భయమూ ఉంది. చేపలు తిరిగే నీళ్లలో దోమపిల్లలు పెద్దగా బతకవు. అసలు ప్రమాదం చేపల్లేని తొట్లలో, పూలకుండీల కింది పళ్లేల్లో ఉంది. కాబట్టి వారానికోసారి పదోవంతు నీళ్లు మాత్రమే మార్చండి, అవీ ఒకరోజు తొట్టిలో ఆరుబయట నిలిచినవి. స్పాంజిని కొళాయి కింద పెట్టకండి. కుంటనీళ్లే బకెట్లో తీసి, అందులో పిండి మళ్లీ పెట్టేయండి.