నాన్నగారి లెక్క

మా బాబాయికి రక్తపుపోటు వుందని మా ఇంటిల్లిపాదికీ గట్టి నమ్మకం. ఆయన కోపం అటువంటిది మరి! కాఫీలో పంచదార ఒక పిసరు తక్కువైతే కాలవ గట్టు దాకా వినపడేలా కేకలు వేసేవాడు. మొహం ఎర్రబడిపోయేది, కణతల దగ్గర నరాలు ఉబ్బేవి. "వాడి జోలికి పోకండే, అసలే పోటు మనిషి" అని మా నాయనమ్మ మా అమ్మనీ పిన్నినీ హెచ్చరిస్తూ వుండేది.

మా నాన్నగారు ఇందుకు పూర్తిగా విరుద్ధం. ఆయన మాట పక్క గదిలోకి వినిపించేది కాదు. తలనొప్పి అన్న మాట ఆయన నోట మేము ఎన్నడూ వినలేదు.

1994లో బాబాయిని అమలాపురంలో డాక్టరుగారికి చూపించాలని నిశ్చయమయింది. ఒంటరిగా పంపితే దారిలో బస్సు కండక్టరుతో తగూ పెట్టుకుంటాడని నాన్నగారు తోడు బయలుదేరారు. వారి వెనక నేను.

డాక్టరుగారు బాబాయి జబ్బకి పట్టీ చుట్టి, గాలి కొట్టి, పాదరసం దిగేదాకా చూసి, "126, 80. నిక్షేపంలా వుందండి" అన్నారు. బాబాయికి కోపం వచ్చింది. "సరిగా చూడండి సార్!" అని కసిరాడు. డాక్టరుగారు నవ్వి, "పోనీ, మీ అన్నగారిది కూడా చూద్దాం" అన్నారు.

నాన్నగారు మొహమాటానికి చెయ్యి చాపారు. డాక్టరుగారి నవ్వు ఆగిపోయింది. కాసేపు మాట్లాడకుండా కూర్చోమని, మళ్ళీ చూశారు. 190, 110.

"తలపోటు వస్తుందా?"

"లేదండి."

"కళ్ళు తిరుగుతాయా? ఆయాసం?"

"అబ్బే, అదీ లేదండి. అంటే నాకేమీ లేనట్టే కదండీ?"

"ఏమీ తెలియకపోవడమేనండి, దీంతో వచ్చిన చిక్కు" అన్నారు డాక్టరుగారు.

మేము కాలవల మధ్య పుట్టి పెరిగినవాళ్ళం కనక ఆయన మాకు అర్థమయ్యే మాటల్లోనే చెప్పారు. గుండె ముడుచుకుని రక్తాన్ని తోసినప్పటి ఒత్తిడి పై అంకె. గుండె విశ్రమించినప్పటిది కింది అంకె. 140, 90 దాటి నిలకడగా వుంటే అది జబ్బే. కాలవలో నీరు హద్దు మించి పారుతున్నా గట్టు మూలగదు, ఏడవదు. లోలోపల కోసుకుపోయి ఒకనాడు గండి పడుతుంది. ఆ గండి మెదడులో పడవచ్చు, గుండెలో పడవచ్చు, మూత్రపిండాలూ కళ్ళూ కూడా చెడవచ్చు.

నాన్నగారు మాత్రలు వేసుకున్నారు. ఊరగాయ తగ్గించారు. ఏడాదిన్నర గడిచాక చూపిస్తే 130 వచ్చింది. ఇంకేముంది, "తగ్గిపోయిందిరా నాయనా, ఇక మందెందుకు?" అని మానేశారు. ఆ 130 మందు పుణ్యమేనని ఆయనకి తట్టలేదు. చదువుకున్నవాణ్ణి, నాకూ తట్టలేదు.

1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో ఎవరూ మరిచిపోరు. ఆ తుఫానులో వెయ్యిమందికి పైగా పోయారు. లక్షల కొబ్బరిచెట్లు కూలాయి. మా తోటలో సగం నేలకొరిగింది. తెల్లవారాక నాన్నగారు పడిన చెట్లని ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ తిరిగారు. కన్నీరు పెట్టలేదు, ఎవరినీ ఏమీ అనలేదు. ఎంత నిబ్బరమో అనుకున్నాం. ఆ నిబ్బరం చూసి ఒంట్లో అంతా సవ్యంగా వుందనుకోవడమే మా తెలివితక్కువ.

మరుసటి సంక్రాంతి వెళ్ళాక మిగిలిన చెట్లకి దింపు తీయిస్తున్నాం. కాయలు లెక్కపెట్టేది ఎప్పుడూ నాన్నగారే. ఆయన లెక్కలో ఒక్క కాయ తేడా వచ్చిన సందర్భం లేదు. ఆ రోజు ఇరవై ఎనిమిది తరవాత ముప్ఫై ఆరన్నారు. దింపు తీసే అతను మోకు భుజాన వేసుకుని నా దగ్గరకొచ్చి, "బాబుగారూ, పెద్దాయన మాట తేడాగా వుందండి, ఆయ్" అన్నాడు. వెళ్ళి చూస్తే నోరు ఒక పక్కకి జారివుంది. కుడిచేతిలో కాయ నిలవడం లేదు.

అప్పుడు మేము చేసినదేమిటి? వాతం అని తైలంతో మర్దనా చేశాం. పావురం నెత్తురు రాస్తే మంచిదని ఒకరన్నారు. అమ్మ గాబరాగా వేడిపాలు పట్టబోయింది. అవి మింగుడు పడక ఆయన ఉక్కిరిబిక్కిరయ్యారు. ఆసుపత్రికి చేరేసరికి దీపాలు పెట్టేవేళ అయింది.

నాన్నగారు మరో ఏడేళ్ళు బతికారు. నడక వచ్చింది. కుడిచెయ్యి రాలేదు, లెక్క రాలేదు. దింపు రోజున అరుగు మీద కూర్చుని పెదవులు కదిపేవారు. పది దాటేది కాదు.

ఆయన పోయినది 2004లో. ఆ రోజుల్లోనే ఉభయ గోదావరి జిల్లాల్లో 45 గ్రామాల్లో ఏడాదిపాటు ఎవరు దేనివల్ల పోయారో ఆరా తీసి లెక్కగట్టారు. నూటికి 32 మంది గుండె, రక్తనాళాల జబ్బులతోనే పోయినట్టు తేలింది. అంటు జబ్బులతో పోయినవారు అందులో సగమైనా లేరు! పచ్చని పల్లెటూరు, పెరటి కూర, స్వచ్ఛమైన గాలి, మనకేమిటిలే అనుకునేవారికి ఇది చెప్పాలి.

పెద్దవాళ్ళకి తప్పిందా అంటే అదీ లేదు. అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్టుకి 1944 మార్చిలో 186, 108 వుంది. 1945 ఏప్రిల్ 12న తల విపరీతంగా నొప్పెడుతోందన్నాడు. మెదడులో రక్తనాళం చిట్లి ఆ రోజే పోయాడు. పాపం, అప్పటికి సరయిన మందు లేదు. మన సర్పగంధ వేరు పోటు తగ్గిస్తుందని బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ లోకానికి చాటినది 1949లో. ఇప్పుడు అంతకంటె మంచి మాత్రలు అందుబాటులో వున్నాయి. రూజ్వెల్టుకి దొరకనిది మా నాన్నగారికి దొరికింది. దొరికీ వదులుకున్నాం.

2016లో నాకు యాభై రెండేళ్ళు. తలనొప్పి లేదు, కళ్ళు తిరగవు. అచ్చంగా నాన్నగారిలా వున్నానని భయం వేసి చూపించుకున్నాను. 158, 98! ఆ రోజునుంచీ మాత్ర మానలేదు. బాగున్నప్పుడూ మానలేదు.

కనక సోదరసోదరీమణులారా, లక్షణాల కోసం కాచుకోకండి. ముప్ఫై దాటిన ప్రతివారూ ఏడాదికి ఒకసారైనా చూపించుకోండి. కాఫీ తాగిన అరగంట దాకా ఆగి, అయిదు నిమిషాలు కదలక కూర్చుని, అప్పుడు చెయ్యి చాపండి. ఉప్పు రోజుకి మనిషికి అయిదు గ్రాములు, అంటే చిన్న చెంచాడు, మించకూడదు. అందులో ఆవకాయా, అప్పడమూ, ఉప్పుచేపా అన్నీ లెక్కే. మూతి వంకరపోయినా, చెయ్యి వాలినా, మాట తడబడినా తైలం జోలికి పోకండి. నోట్లో ఏమీ పొయ్యకండి. ఎన్నింటికి మొదలయిందో చూసుకుని వెంటనే పెద్దాసుపత్రికి పరుగెత్తండి. గడ్డ కరిగించే మందు నాలుగున్నర గంటల లోపలే పనిచేస్తుంది.

ఇప్పుడు మా ఇంట ప్రతి నెలా మొదటి ఆదివారం అరుగు మీద అందరం వరసగా కూర్చుంటాం. మా అబ్బాయి పట్టీ చుడతాడు. నేను అంకెలు పంచాంగం అట్ట వెనక రాస్తాను. ఎనభయ్యో పడిలో పడ్డ మా బాబాయికి ఇప్పటికీ 130 దాటదు.

"మీ మిషను పాడయిందిరా!" అని కేకలు వేస్తాడు. కాలవ గట్టు దాకా వినపడుతుంది.