సామర్లకోట దాకా

ఖమ్మం దాటాక అమ్మ ఫోన్ చేసింది. "తాతయ్య బాత్రూమ్‌లో పడిపోయారే. కాకినాడ తీసుకొచ్చాం. తుంటి ఎముక విరిగిందట, పొద్దున్నే ఆపరేషన్ అంటున్నారు. నువ్వు..." అంతే, సిగ్నల్ పోయింది.

నేను వెళ్తున్నది విజయవాడకి, ఫ్రెండ్ పెళ్లికి. సాయంత్రం సికింద్రాబాద్‌లో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. స్లీపర్, సైడ్ లోయర్. ఇదే రైలు అర్ధరాత్రి దాటాక సామర్లకోట వెళ్తుంది. అక్కడి నుంచి కాకినాడ 15 కిలోమీటర్లు. అంటే విజయవాడలో దిగకుండా కూర్చుంటే చాలు, ఆపరేషన్‌కి ముందే తాతయ్యని చూడొచ్చు. కానీ నా టికెట్ విజయవాడ వరకే.

మనందరం మొదట ఏం చేస్తాం? ఫోన్ తీస్తాం. రిజర్వేషన్ యాప్‌లో పొడిగించే ఆప్షన్ ఎక్కడా కనబడలేదు. జనరల్ టికెట్ యాప్ తెరిస్తే అదీ ఒప్పుకోలేదు. పట్టాలకి దగ్గర్లో ఉంటే టికెట్ రాకుండా జీపీఎస్‌తో హద్దు పెట్టారు. న్యాయమే అనుకోండి. లేకపోతే టీటీఈ కనబడ్డాకే అందరం టికెట్ కొంటాం! బిర్యానీ దగ్గర్నుంచి బంగారం దాకా కొనిపెట్టే ఫోన్, ఎక్కి కూర్చున్న రైల్లో ఇంకో 200 కిలోమీటర్లు కొనలేకపోయింది.

ఎదురు బెర్తు కుర్రాడు నా హడావుడి చూసి, "రాత్రిపూట ఎవరు చెక్ చేస్తారండీ, పడుకోండి" అన్నాడు. నిజం చెప్పాలంటే ఒక నిమిషం ఆ సలహా బాగానే అనిపించింది. తాతయ్య గురించి ఆలోచించాలా, టికెట్ గురించా? లోయర్ బెర్తు బామ్మగారు మాత్రం ఊరుకోలేదు. "అదేంటి పాపా, విజయవాడలో ఈ బెర్తు వాళ్లొచ్చి లేపితే ఎక్కడ పడుకుంటావ్? ముందెళ్లి ఆ టీసీ గారిని అడుగు" అన్నారు.

బెర్తు సంగతి నాకసలు తట్టనే లేదు.

మూడు బోగీలు దాటితే దొరికారాయన. టాయిలెట్ పక్కన సీట్లో కూర్చుని ట్యాబ్‌లో ఏదో చూసుకుంటున్నారు. కళ్లలో నీళ్లు ఆపుకుంటూ విషయం చెప్పాను. ఆయన కళ్లజోడు పైకి నెట్టి, "ఇంకా విజయవాడ రాలేదు కదమ్మా, భయమెందుకు?" అన్నారు.

ఆ మాట అప్పుడు ఓదార్పు అనుకున్నాను. కాదు, అదే రూల్. మన స్టేషన్ రాకముందే మనంతట మనం వెళ్లి ఇంకా ముందుకెళ్లాలని చెబితే, మిగతా దూరానికి ఛార్జీ కట్టించుకుని రసీదు రాస్తారు. దాన్ని ఈఎఫ్‌టీ అంటారు, ఎక్సెస్ ఫేర్ టికెట్. అదే, స్టేషన్ దాటాక దొరికిపోతే ఛార్జీతో పాటు జరిమానా. తక్కువలో తక్కువ 250 రూపాయలు, ఛార్జీ అంతకంటే ఎక్కువైతే ఆ ఛార్జీ అంత. ప్రయాణం అదే, బెర్తు అదే. ముందు ఎవరు నోరు విప్పారన్నదే తేడా.

మొదటే సామర్లకోట దాకా తీసుకుని ఉంటే ఇంకాస్త చవగ్గా వచ్చేది. దూరం పెరిగేకొద్దీ కిలోమీటరుకి పడే రేటు తగ్గుతుంది కదా, మధ్యలో పొడిగిస్తే ఆ లాభం ఉండదు. రెండో ముక్కకి విడిగా లెక్కేస్తారు. అది నాకు పెద్ద బాధేం కాదు. అసలు బాధ తర్వాత మాట.

"టికెట్ సాగుతుందమ్మా, బెర్తు సాగదు. మీ బెర్తు విజయవాడలో ఎక్కేవాళ్లది" అన్నారు. ట్యాబ్‌లో వెతికారు. ఒక్క ఖాళీ లేదు. "కూర్చుని వెళ్తానంటే రాస్తాను. విజయవాడలో నా డ్యూటీ అయిపోతుంది, తర్వాత వచ్చేవాళ్లకి ఈ రసీదు చూపించండి."

నిలబడైనా వెళ్తానన్నాను.

డబ్బులు తీయబోతే పర్సులో 60 రూపాయలున్నాయి. యూపీఐ కొడితే గుండ్రంగా తిరుగుతూనే ఉంది. మధిర దగ్గరెక్కడో ఉన్నట్టున్నాం, సిగ్నల్ గీత ఒకటి వస్తోంది, పోతోంది. మళ్లీ మూడు బోగీలు వెనక్కి. ఇందాక పడుకోమన్న కుర్రాడే జేబులోంచి ఐదు వందల నోటు తీసి ఇచ్చాడు. "సిగ్నల్ వచ్చాక వేయండి" అన్నాడు. నా పేరు కూడా అడగలేదు. విజయవాడ ప్లాట్‌ఫామ్ మీదకి రైలు వస్తుండగా అతనికి డబ్బులు వెళ్లాయి.

కార్బన్ పెట్టి రాసిన ఆ కాగితం ఇప్పటికీ నా ఫోన్ కవర్ వెనకాల ఉంది. అక్షరాలు సగం అర్థం కావు.

టికెట్ లేని ఆడపిల్లని రాత్రి ఏ స్టేషన్‌లో పడితే అక్కడ దించేయరని తర్వాత తెలిసింది. 1989 రైల్వే చట్టం, సెక్షన్ 139. ఒంటరిగా ఉన్న మహిళల్ని, పిల్లల్ని పగటిపూటే దించాలి. అదీ వాళ్లు ఎక్కిన స్టేషన్‌లోనో, జంక్షన్‌లోనో, చివరి స్టేషన్‌లోనో, జిల్లా కేంద్రంలోనో. ఈ విషయం తెలిసి ఉంటే ఆ రాత్రి టీటీఈ దగ్గరికి వెళ్లేదాన్నా? వెళ్లేదాన్ననే అనుకుంటున్నాను, గట్టిగా చెప్పలేను.

విజయవాడలో నా బెర్తువాళ్లు రానే వచ్చారు. చంకలో నిద్రపోతున్న పాప, చేతుల్లో రెండు సూట్‌కేసులు. నేను లేచి బ్యాగు తీసుకుని తలుపు వైపు నడుస్తుంటే బామ్మగారు కాళ్లు ముడుచుకున్నారు. "అనకాపల్లి దాకా నాకు నిద్రెక్కడ పడుతుందిలే, ఇలా కూర్చో" అన్నారు. ఏలూరు దాటకముందే గురక పెట్టారు. పెళ్లికూతురికి సారీ అని మెసేజ్ పెట్టి, కిటికీకి తలాన్చి కూర్చున్నాను. రాజమండ్రి వంతెన మీద రైలు చప్పుడు మారినప్పుడు మాత్రం కళ్లు తెరిచాను.

సామర్లకోటలో రెండు దాటాక దిగాను. కాగితం చేత్తో పట్టుకునే బయటికొచ్చాను. గేటు దగ్గర అడిగేవాళ్లు ఎవరూ లేరు. మావయ్య బండి మీద కూర్చుని ఆవలిస్తున్నాడు.

తాతయ్యని ఏడింటికి లోపలికి తీసుకెళ్లారు. అంతకుముందు నా చెయ్యి పట్టుకుని, "పెళ్లికెళ్లకుండా ఇక్కడికెందుకొచ్చావే?" అని కోప్పడ్డారు. చెయ్యి మాత్రం వదల్లేదు.