పాలకాయతిప్పలో టైమెంతయింది?

'సాగర సంగమం' అనగానే మీకేం గుర్తొస్తుంది? 1983లో వచ్చిన విశ్వనాథ్ గారి సినిమా, కమల్ హాసన్ నాట్యం, జయప్రద చిరునవ్వు... అంతేగా! కానీ దివిసీమలో ఎవర్నైనా "సాగర సంగమానికి దారెటండీ?" అని అడిగి చూడండి. ఏ సినిమా హాలూ చూపించరు. "పాలకాయతిప్ప మీదుగా పొండి" అంటారు. ఎక్కడో మహాబలేశ్వరం కొండల్లో పుట్టి, దాదాపు 1,400 కిలోమీటర్లు నడిచొచ్చిన కృష్ణమ్మ ఆఖరి సీను ఇక్కడే!

విజయవాడలో అవనిగడ్డ బస్సెక్కండి. మోపిదేవిలో సుబ్రహ్మణ్యేశ్వరస్వామికి కిటికీలోంచే ఓ దండం పెట్టుకోండి. అవనిగడ్డ నుంచి కోడూరు, కోడూరు నుంచి హంసలదీవి. అక్కడ వేణుగోపాలస్వామి గుడి వుంది. కాకి ఒకటి ఈ సంగమంలో మునిగి హంసగా మారిందనీ, ఊరికి ఆ పేరు అలా వచ్చిందనీ స్థలపురాణం. గుడి దాటి ఇంకా ముందుకెళ్తే ఉప్పుగాలి మొహాన కొడుతుంది. అదే పాలకాయతిప్ప.

సముద్రం చేతికి వాచీ లేదు

తీరంలో ఓ పెద్దాయన వల బాగుచేసుకుంటున్నాడు. "పోటు ఎన్ని గంటలకొస్తుంది తాతా?" అన్నాను. ఆయన నా వాచీ వైపు చూసి నవ్వాడు. "ఇయ్యాళ తిథేంటి బాబూ?" అన్నాడు.

ఎంత లెక్క వుందో చూడండి ఆ ఒక్క మాటలో! సముద్రం చంద్రుడి చెప్పుచేతల్లో వుంటుంది. ఇవాళ సాయంత్రం ఆరు గంటలకు పోటు నిండితే, రేపు సుమారు ఆరూ యాభైకి నిండుతుంది. రోజుకు దాదాపు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుందన్నమాట. పౌర్ణమికీ, అమావాస్యకీ పోటు పెద్దది. మాఘ పౌర్ణమికి ఇక్కడ సముద్రస్నానాలకు జనం వేలల్లో వస్తారు. అంటే సముద్రం మంచి ఊపు మీదున్న రోజునే మనం దిగుతామన్నమాట! కుర్రకారు ఇది గుర్తుపెట్టుకోవాలి. లోతుకు పోయి సెల్ఫీలు దిగే ముందు ఒడ్డునున్న జాలరినో, మెరైన్ పోలీసునో ఒక్క మాట అడగండి.

డబ్బాలో 1970!

అసలు కథ ఇప్పుడు మొదలవుతుంది. నేను వెళ్లింది శుక్రవారం. దారిలో మంచినీళ్ల కోసం ఓ ఇంటి ముందు ఆగితే లోపల పెద్ద గొడవ. కొత్త సినిమా ఓటీటీలోకి వచ్చిన రోజది. పిల్లలు నలుగురు టీవీ ముందు బాసింపట్లు వేసుక్కూర్చున్నారు. బొమ్మ మాత్రం రావడం లేదు. "నెట్టు లేదు" అని తెర మీద ఒకటే పాట. ఫోన్లో చూస్తే నెట్టు భేషుగ్గా వుంది!

టీవీ వెనకాల తగిలించిన ఆ చిన్న డబ్బా సెట్టింగుల్లోకి వెళ్లి చూశాను. తేదీ: 1970, జనవరి 1. పిల్లలు పకపకా నవ్వారు. మరి నవ్వరా? ఆ లెక్కన కృష్ణ గారి 'మోసగాళ్లకు మోసగాడు' కూడా ఇంకా విడుదల కాలేదు. అది వచ్చింది 1971లో!

ఇదెలా జరిగిందంటారా? ఇలాంటి డబ్బాలు చాలావాటిలో గడియారాన్ని నడిపించే విడి బ్యాటరీ వుండదు. కరెంటు పోతే టైము మర్చిపోతాయి. కరెంటు వచ్చాక నెట్టులో వున్న టైము సర్వర్ని అడిగి మళ్లీ దిద్దుకుంటాయి. ఆ అడగడం కుదరకపోతే కొన్ని డబ్బాలు తమ లెక్క మొదలయ్యే తేదీ దగ్గరే కూర్చుంటాయి. కంప్యూటర్ల కాలెండరు చాలావరకూ 1970 జనవరి 1తోనే మొదలవుతుంది.

సరే, తేదీ తప్పయితే సినిమా ఎందుకాగాలి? సినిమా హాల్లో గేటు దగ్గర టిక్కెట్టు మీద తేదీ చూస్తారు కదా? ఇదీ అంతే. సినిమా పంపే కంపెనీ సర్వరు ముందుగా ఓ గుర్తింపు పత్రం చూపిస్తుంది. దాని మీద ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా చెల్లుతుందని వుంటుంది. 1970లో వున్న డబ్బాకి అది యాభై ఏళ్ల తర్వాతి టిక్కెట్టు! "చెల్లదు, పో" అంటుంది.

మందు సులువే. గూగుల్ టీవీ, ఆండ్రాయిడ్ టీవీల్లో సాధారణంగా సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో డేట్ అండ్ టైమ్. 'ఆటోమేటిక్' అన్నచోట నెట్‌వర్క్ టైమ్ పెట్టండి. అది పెట్టే వున్నా తప్పు చూపిస్తుంటే, ఓసారి ఆపి, తేదీ, టైము చేత్తో దిద్ది, నెట్టు కలిశాక మళ్లీ ఆటోమేటిక్‌కి మార్చండి. డబ్బా ప్లగ్గు పీకి ఓ నిమిషమాగి పెట్టడం కూడా చాలాసార్లు పనిచేస్తుంది. ఆ ఇంట్లో చేత్తోనే దిద్దాం. బొమ్మ పడింది. పిల్లల ఈల తీరం దాకా వినపడే వుంటుంది!

అమెరికా డబ్బా, దివిసీమ పొద్దు

"మాదీ చూసిపెట్టు బాబూ" అంటూ పక్కింటి పిన్నిగారొచ్చారు. కొడుకు అమెరికా నుంచి తెచ్చిచ్చిన డబ్బా అది. సినిమాలు చక్కగా ఆడుతున్నాయి. తెర మీద టైము మాత్రం తెల్లవారుజాము! బయట చూస్తే పొద్దు వాలుతోంది.

ఇది వేరే జబ్బు. తేదీ తప్పితే డబ్బా తలుపు మూసేస్తుంది. టైమ్‌జోన్ తప్పితే తలుపు తీసే వుంచి అబద్ధం చెబుతుంది. లోపలి ప్రపంచ సమయం సరిగ్గానే వుంటుంది, ఊరు తప్పు. కాలిఫోర్నియా కంటే మనం వేసవిలో పన్నెండున్నర గంటలు, చలికాలంలో పదమూడున్నర గంటలు ముందుంటాం. ఫైర్ టీవీలో అయితే సెట్టింగ్స్, ప్రిఫరెన్సెస్, లొకేషన్ అనే వరసలో వెళ్తే టైమ్‌జోన్ దొరుకుతుంది. జాబితాలో కోల్‌కతా పేరు కనపడితే కంగారుపడకండి. దేశమంతటికీ ఒకటే టైము, కంప్యూటర్లు దానికి పెట్టుకున్న పేరు అది.

ఆ ఒకటే టైము కూడా ఎప్పట్నుంచో వున్నది కాదు. 1906కి ముందు మద్రాసు టైముండేది, ఇప్పటిదానికంటే తొమ్మిది నిమిషాలు వెనక. ఇప్పటి టైముకు ఆధారమైన 82½ డిగ్రీల గీత మన కాకినాడ పక్కనుంచే పోతుంది. దానికి పడమరగా వున్న పాలకాయతిప్ప నడినెత్తికి సూర్యుడు ఐదారు నిమిషాలు ఆలస్యంగా వస్తాడు.

"టైము మార్చొద్దులే బాబూ" అన్నారు పిన్నిగారు హఠాత్తుగా. "వాడు అక్కడ లేచాడో లేదో ఇందులో చూసుకుంటున్నా!"

నా చెయ్యి రిమోట్ మీదే ఆగిపోయింది. ఏం చెప్పను?

అయినా మార్చాం. ఎందుకంటే ఇది దివిసీమ. 1977 నవంబరు 19, శనివారం. ఆ ఉప్పెన ఈ తీరాన్ని ఊళ్లకి ఊళ్లుగా తుడిచిపెట్టేసింది. పది వేలమందికి పైగా పోయారు. ఎన్టీఆర్, ఏఎన్నార్ వీధుల్లో తిరిగి బాధితుల కోసం విరాళాలు పోగుచేసింది అప్పుడే. హైదరాబాదులో దూరదర్శన్ మొదలై అప్పటికి నెలయినా కాలేదు. ఇప్పుడు తుఫాను ఎప్పుడు తీరం దాటుతుందో గంటలతో సహా టీవీలో ముందే చెబుతున్నారు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడూ అంతే. "రాత్రి ఎనిమిదిలోగా ఖాళీ చెయ్యండి" అన్నప్పుడు గోడనున్న టీవీ ఏ ఊరి ఎనిమిది చూపించాలి?

పిన్నిగారు ఒప్పుకున్నారు. కొడుకు ఊరి టైము ఆవిడ ఫోన్లో రెండో గడియారంగా పెట్టాం. ఇప్పుడు గోడ మీద దివిసీమ, కొంగున అమెరికా!

మీరూ ఈ ఆదివారం మీ ఇంట్లో డబ్బా టైము ఓసారి చూడండి. ఎప్పుడైనా పాలకాయతిప్ప వెళ్తే మాత్రం ఆ టైమును నమ్ముకుని నీళ్లలో దిగకండి. అక్కడ అడగాల్సింది తిథి!